పెరట్లో స్కీ ర్యాంపు, రెయిల్: వేగాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వంటి చలి రాష్ట్రాల్లో స్థిరపడిన మన కుటుంబాల పిల్లల్లో కొందరు బడి స్కీ క్లబ్బుల్లో చేరి, రెండు మూడు శీతకాలాలు గడిచేసరికి వాలు మీద తిన్నగా జారడంతో తృప్తి పడక, స్కీలను అడ్డంగా తిప్పి ఇనుప కడ్డీ మీద జారే రెయిల్ విన్యాసాల వైపు మళ్లుతారు. ఆ తరువాత ఇంట్లో వినబడే కోరిక ఒకటే: పెరట్లో ఒక ర్యాంపు, దాని ముందు ఒక రెయిల్. ఇలాంటి సందర్భంలో పెద్దలు సాధారణంగా రెయిల్ ధర, పొడవు చూసి మొదలుపెడతారు. నా ఉద్దేశంలో వరుస దీనికి తలకిందులుగా ఉండాలి. పెరట్లో కట్టిన అమరికలు పనికిరాకుండా పోయేది చాలావరకు రెయిల్ నాసిగా ఉండి కాదు, రెయిల్ దాకా చేరేసరికి వేగం చచ్చిపోయి. కాబట్టి ముందు వేగం ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకుని, దానికి తగిన జారుడు తలాన్ని ఎంచుకుని, ఆ రెండూ అనుమతించే రెయిల్‌ను చివరగా కొనడమో చేయించడమో మంచిది.

ఇది చిన్నపిల్లల ఆటగా కొట్టిపారేయదగిన సంగతి కాదు. ఇండియానా రాష్ట్రానికి చెందిన నిక్ గెప్పర్ సుమారు 400 అడుగుల ఎత్తు మాత్రమే ఉన్న పర్ఫెక్ట్ నార్త్ స్లోప్స్ అనే చిన్న గుట్ట మీద స్కీయింగ్ నేర్చుకుని, ఇంటి పెరట్లో తానే అమర్చుకున్న రెయిల్స్ మీద సాధన చేసి, 2014 సోచి ఒలింపిక్స్‌లో స్లోప్‌స్టైల్ (వాలు పొడవునా రెయిల్స్, ఎగిరే దిమ్మెల మీద విన్యాసాలు చేసే) పోటీని తొలిసారి చేర్చినప్పుడు కాంస్యం, 2018లోను 2022లోను రజతం గెలిచాడు. పెద్ద పర్వతాలు లేని చోట రెయిల్ సాధన బాగా సాగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది: రెయిల్‌కు ఎత్తైన కొండ అక్కరలేదు, చాలినంత వేగాన్ని మళ్లీ మళ్లీ ఒకే తీరుగా ఇచ్చే చిన్న వాలు చాలు.

ఎత్తు ఎంత ఇస్తుంది, రాపిడి ఎంత తింటుంది

రాపిడి లేదనుకుంటే, దిగిన ఎత్తును మీటర్లలో తీసుకుని 19.6తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్ల వేగం వస్తుందో తెలుస్తుంది. 4 అడుగుల ఎత్తు నుంచి గంటకు సుమారు 17.5 కి.మీ., 8 అడుగుల నుంచి 25 కి.మీ., 12 అడుగుల నుంచి 30 కి.మీ. వేగం వస్తుంది. అంటే 8 అడుగుల తరువాత కట్టే ప్రతి అడుగూ ఖర్చును, పడిపోయే ప్రమాదాన్ని పెంచినంతగా వేగాన్ని పెంచదు. అందుకే పెరటి అమరికకు 8 అడుగులను నేను సరైన మధ్యమార్గంగా భావిస్తాను. పైగా వాలు కోణాన్ని 30 డిగ్రీలు తీసుకుంటే 8 అడుగుల ఎత్తుకు ర్యాంపు పొడవు సరిగ్గా 16 అడుగులు వస్తుంది. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండే ప్లైవుడ్ పలకలు రెండు ఒకదాని తరువాత ఒకటి పరిస్తే, రంపం పెట్టే పని లేకుండా తలం పూర్తవుతుంది.

రాపిడిని లెక్కలోకి తెస్తే చిత్రం మారుతుంది. బాగా అణిగిన మంచు మీద వ్యాక్స్ పూసిన స్కీలకు ఘర్షణ గుణకం, అంటే రాపిడి ఎంతో చెప్పే అంకె, సుమారు 0.05 అనుకుందాం. తడిపిన కృత్రిమ గడ్డి లేదా పొట్టి పోగుల కార్పెట్‌కు 0.2 అనుకుందాం, ఇది కార్పెట్‌ను బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ పోలికకు సరిపోతుంది. అదే 8 అడుగుల, 30 డిగ్రీల ర్యాంపు అడుగున మంచు మీద గంటకు 24 కి.మీ. వేగం మిగిలితే, కార్పెట్ మీద 20 మిగులుతుంది. ఇంతవరకు తేడా పెద్దది కాదు. కానీ ర్యాంపు దిగాక రెయిల్ చేరేలోపు 10 అడుగుల చదును ఉందనుకుంటే మంచు మీద ఇంకా 23 ఉంటుంది, కార్పెట్ మీద 16కు పడిపోతుంది. అడుగు ఎత్తున్న రెయిల్ మీదికి ఎక్కడానికి కొంత శక్తి పోతుంది. ఆపైన రెయిల్ మీద జారుతున్నంతసేపూ స్కీ అడుగుకూ ఉక్కుకూ మధ్య రాపిడి ఉంటుంది, దాన్ని 0.15 అనుకుంటే, 12 అడుగుల రెయిల్ చివర మంచు అమరికలో 17 కి.మీ. పైచిలుకు వేగం మిగులుతుంది, కార్పెట్ అమరికలో 6 మాత్రమే. రెయిల్ పొడవును 20 అడుగులు చేస్తే మంచు మీద వచ్చినవాడు హాయిగా దాటిపోతాడు, కార్పెట్ మీద వచ్చినవాడు 15 అడుగుల దగ్గర కడ్డీ మీదే ఆగి, పక్కకు పడతాడు. రెయిల్ చివర 12 కి.మీ. కన్నా తక్కువ వేగం మిగిలే అమరికను నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఎందుకంటే ఆ వేగంలో తూకం నిలవదు. రెయిల్ మీద నెమ్మదిగా పడినా నడుముకు, తుంటికి దెబ్బ తగులుతుంది.

ఇందులో ఇంకో సంగతి దాగి ఉంది. రాపిడి తక్కువగా ఉన్న మంచు మీద మొత్తం ఎత్తే ప్రధానం. వాలు నెమ్మదిగా ఉన్నా వేగం వచ్చేస్తుంది. రాపిడి ఎక్కువగా ఉన్న కార్పెట్ మీద ఎత్తుతో పాటు కోణం కూడా నిర్ణాయకం. అదే 8 అడుగుల ఎత్తును 15 డిగ్రీల వాలులో పరిస్తే కార్పెట్ మీద వచ్చే వేగం గంటకు 12, 13 కి.మీ. మించదు. కాబట్టి పెరటి నేలవాలు మీద కార్పెట్ పరిచి వేసవిలో సాధన చేద్దామన్న ఆలోచన చాలా ఇళ్లలో ఎందుకు నీరుగారిపోతుందో ఈ లెక్కే చెబుతుంది.

నేలవాలా, కట్టిన ర్యాంపా

మిన్నియాపోలిస్ శివార్లలో మనవాళ్లు ఇష్టపడి కొనే వాకౌట్ బేస్‌మెంట్ ఇళ్లలో, ముందు గుమ్మం నేలకూ వెనుక పెరటి నేలకూ మధ్య దాదాపు ఒక అంతస్తు తేడా ఉంటుంది. ఇంటి పక్కగా దిగే ఆ వాలు సుమారు 8 అడుగుల ఎత్తు, 30 అడుగుల పొడవు ఉంటే కోణం 15 డిగ్రీలకు అటూ ఇటూగా పడుతుంది. మంచు అణిచి చదును చేస్తే దాని అడుగున 22 కి.మీ. వేగం దొరుకుతుంది. అంటే ఒక్క మేకు కొట్టకుండానే, కట్టిన ర్యాంపుకు దాదాపు సమానమైన వేగం. ఇలాంటి వాలు ఉన్న ఇంటివారు ర్యాంపు కట్టడం గురించి ఆలోచించడమే అనవసరమని నా అభిప్రాయం. వేగం ఇంకా కావాలనుకుంటే వాలు తలమీద 4 అడుగుల చిన్న ఎత్తు కట్టుకుంటే, మొత్తం వేగం 28 కి.మీ. దాకా చేరుతుంది, అంతకు మించి పెరట్లో అవసరమే రాదు. ఆ వాలు అడుగున ఎయిర్ కండిషనర్ బయటి యూనిట్, గ్యాస్ మీటరు, బేస్‌మెంట్ కిటికీ గుంతలు ఉంటాయి కనుక, జారే దారి వాటి నుంచి ఎంత దూరంగా పోతుందో ముందుగా తాడు పట్టి చూసుకోవాలి.

అలాంటి ఇళ్లలో పిల్లలకు వచ్చే మరో ఆలోచన, వెనుక ఉన్న ఎత్తైన డెక్ మీద నుంచే ర్యాంపు దించడం. ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది కానీ నేను దీన్ని తిరస్కరిస్తాను. నేల నుంచి 30 అంగుళాలకు మించిన ఎత్తులో ఉండే డెక్‌కు 36 అంగుళాల కటకటాలు ఉండాలన్నది అమెరికా గృహనిర్మాణ నియమావళిలోని మాట. ర్యాంపు కోసం దాన్ని కోసి తీసేసి, చలికాలమంతా అలాగే వదిలేసిన డెక్ మీద నుంచి స్కీలు లేని అతిథి పడిపోయే అవకాశమే ఎక్కువ. డెక్‌ను ఇంటి గోడకు పట్టి ఉంచే పలక ర్యాంపు బరువును, అదురును మోయడానికి ఉద్దేశించింది కూడా కాదు.

చదును పెరడు ఉన్నవారికి కట్టక తప్పదు. అక్కడ మూడు దారులు ఉన్నాయి: కలపతో బురుజు కట్టడం, అద్దెకు తెచ్చిన ఉక్కు పరంజా మీద ర్యాంపు దించడం, మంచునే గుట్టగా పోయడం. మూడోది వినడానికి తేలిక. అయితే 8 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు ఉన్న గుట్టకు పక్కవాలుతో కలిపి 20 ఘనపు మీటర్ల అణిగిన మంచు, అంటే 9 టన్నుల దాకా, పారతో ఎత్తిపోయాలి. లోపల ఖాళీ పాలెట్లు పేర్చి, పైన మంచు కప్పే ఉపాయం పనిని సగానికి తగ్గిస్తుంది కానీ, మార్చి నెల ఎండకు మంచు కరిగినప్పుడు పాలెట్ల సందుల్లో కాలు దిగబడుతుంది. 4 అడుగుల వరకైతే ఈ దారి మంచిదే, 8 అడుగులకు కాదు.

కలపకూ పరంజాకూ మధ్య ఎంపిక మీరు ఎన్నేళ్లు వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. పరంజా చట్రాలు 5 అడుగుల వెడల్పు ఉంటాయి, అడ్డ కట్లతో కలిపి ఒకే మధ్యాహ్నంలో నిలబడతాయి, వసంతంలో విప్పి తిరిగి ఇచ్చేయవచ్చు. దేనికీ కట్టి ఉంచని పరంజా ఎత్తు దాని కింది వెడల్పుకు 4 రెట్లు దాటకూడదన్న పనిస్థల భద్రతా నియమంతో పోలిస్తే 8 అడుగుల బురుజు చాలా సురక్షితమైన కొలతలోనే ఉంటుంది. దాని బలహీనత పాదాల దగ్గర ఉంది. గడ్డకట్టిన నేల మీద బిగించిన పాదాలు, నేల కరిగే రోజున ఒకటి దిగి మరొకటి దిగక పరంజాను ఒరగనిస్తాయి. ప్రతి పాదం కింద ఇనుప పలక, దాని కింద రెండు అంగుళాల మందపు కలప చెక్క వేయాలి. వెచ్చబడిన వారమంతా మట్టాన్ని సరిచూడాలి. కలప బురుజుకూ ఇదే ఇబ్బంది ఉన్నా, కాళ్లన్నీ అడుగున ఒకే చట్రంలో బిగిస్తే ఒరగడం తక్కువ.

కలపను ఎంచుకునేవారు స్తంభాలను నేలలో పాతకుండా, అడుగు చట్రం మీద నిలబెట్టుకోవడమే నేను సూచించేది. మిన్నెసోటా దక్షిణ భాగంలో నేల గడ్డకట్టే లోతును 42 అంగుళాలుగా, ఉత్తరాన 60 అంగుళాలుగా నిర్మాణ నియమావళి నిర్ణయించింది. అంతకన్నా పైన ఆపిన స్తంభాన్ని మంచు ఏటా పైకి నెడుతుంది. అంత లోతు తవ్వాలంటే ముందు 811కు ఫోన్ చేసి భూగర్భ తీగలు, గ్యాస్ గొట్టాలు గుర్తు పెట్టించుకోవాలి. రెండు మూడు శీతకాలాల ఆటకు అంత శ్రమ అక్కరలేదు. ర్యాంపు తలం కింద అడ్డుకర్రలను 16 అంగుళాల దూరంలో కాక 12 అంగుళాల దూరంలో పెట్టి, ముప్పావు అంగుళం ప్లైవుడ్‌ను డెక్ స్క్రూలతో బిగించాలి. గోడ పలకలకు వాడే నల్లని సన్న స్క్రూలు చవకే కానీ, చలిలో అదురుకు తల తెగిపోతాయి. తల తెగిన స్క్రూ మొన స్కీ అడుగున పొడుగాటి గీత పెట్టేదాకా ఎవరి కంటా పడదు.

ర్యాంపు అడుగున చదునుకు మారే చోట వంపు ఎంత ఉండాలన్నది చాలామంది లెక్క చూడని విషయం. 24 కి.మీ. వేగంతో దిగేవాడు 3 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో శరీర బరువుకు రెండున్నర రెట్లు మోకాళ్ల మీద మోస్తాడు. 5 మీటర్ల వ్యాసార్ధమైతే రెండు రెట్లకు లోపే. వంపే లేకుండా ప్లైవుడ్ అంచు నేలను తాకే చోట స్కీ ముక్కు గుచ్చుకుంటుంది. 5 మీటర్ల వంపుకు దాదాపు తొమ్మిది అడుగుల పొడవు కావాలి. మంచు కాలంలో దాన్ని మంచుతోనే పోసి, పారతో నొక్కి, రాత్రంతా గట్టిపడనివ్వవచ్చు. వేసవి అమరికకైతే పలుచని ప్లైవుడ్‌ను రెండు పొరలుగా వంచి బిగించాలి. ఇది ఓపిక కోరే వడ్రంగం.

సాగే తాడు, వించ్

ఎత్తు కట్టకుండా వేగం తెచ్చుకునే దారులూ ఉన్నాయి. ఒకటి, పొడవాటి రబ్బరు తాడును చెట్టుకు కట్టి, దాన్ని వెనక్కి సాగదీసి పట్టుకుని వదిలితే స్కీయర్‌ను ముందుకు లాగే పద్ధతి. రెండోది, చిన్న పెట్రోలు ఇంజనుతో తాడును చుట్టే వించ్. నగర వీధుల్లో మెట్ల కటకటాల మీద విన్యాసాలు చిత్రీకరించే వృత్తి స్కీయర్లు ఈ రెండూ వాడతారు, ఎందుకంటే వాళ్లు ఎక్కడికక్కడ మోసుకుపోవాలి. పెరట్లో ఆ అవసరం లేదు. సాగిన తాడులో దాగిన శక్తి ముడి జారినా, కొక్కెం ఊడినా మనిషి ముఖం మీదికే తిరిగి వస్తుంది. వించ్ తాడు కాలికి చుట్టుకుంటే ఇంజను ఆపేవాడి చేతి వేగమే దిక్కు. పెద్దలు నడిపే, అలవాటున్న బృందానికి సాగే తాడు సరే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి నా ఎంపికలో ఈ రెండింటికీ చోటు లేదు. స్నోమొబైల్ వెనుక తాడు కట్టి లాగడం గురించి చర్చే అనవసరం.

ఏ తలం మీద జారాలి

మంచు దొరికే చోట మంచుకు మించింది లేదు. కానీ ఏ మంచు అన్నది చూసుకోవాలి. 60 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అర అడుగు మందం అనుకుంటే దాదాపు 5 ఘనపు మీటర్ల అణిగిన మంచు కావాలి. అప్పుడే పడిన దూదిమంచు తొక్కితే చాలా రెట్లు తగ్గిపోతుంది కాబట్టి, సొంత డ్రైవ్‌వే నుంచి స్నోబ్లోయర్‌తో ఊదిన కుప్పే అన్నిటికన్నా చేరువలోని వనరు. వీధి అంచున ప్లో యంత్రం తోసిన గట్టు దగ్గరలోనే ఉంటుంది కదా అని దాన్ని తెచ్చుకోకూడదు. దానిలో ఉప్పు, కంకర కలిసి ఉంటాయి, ఉప్పు మంచును గుంతలు పెడుతుంది, కంకర స్కీ అడుగును చెక్కేస్తుంది. నవంబరులో ఇంకా మంచు పడని రోజుల్లో ఐస్ రింకుల వెనుక పారబోసే గీకిన మంచు పొడి మంచి ప్రత్యామ్నాయం. అది బరువైనది, త్వరగా గట్టిపడుతుంది, పికప్ ట్రక్కుతో మూడు నాలుగు విడతలు తెస్తే చిన్న అమరికకు సరిపోతుంది; రింకువారిని ముందు అడిగి తెచ్చుకుంటే సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇంట్లోనే మంచు తయారు చేసే దారి, ప్రెషర్ వాషర్‌ను ఎయిర్ కంప్రెసర్‌ను సన్న నాజిళ్లకు కలిపి రాత్రంతా చిమ్మించడం. దీనికి చూడవలసింది మామూలు ఉష్ణోగ్రతను కాదు, గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడిగోళపు (వెట్ బల్బ్) ఉష్ణోగ్రతను. అది సుమారు మైనస్ 2.5 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగాలి. గాలి పొడిగా ఉంటే మామూలు ఉష్ణోగ్రత మైనస్ 1 వద్దే పని జరుగుతుంది, తేమగా ఉంటే మైనస్ 2 వద్ద కూడా నీళ్లే పడతాయి. నిమిషానికి 7.5 లీటర్లు వదిలే వాషర్ గంటకు 450 లీటర్ల నీటిని, అంటే అంతా సవ్యంగా ఉంటే ఒక ఘనపు మీటరు మంచును ఇస్తుంది. ఒకట్రెండు రాత్రుల్లో పని అయిపోతుంది. కంప్రెసర్ చప్పుడుకు పొరుగింటివారు నిద్రపోలేరన్నది ఒక ఇబ్బంది. గొట్టాలు పగలకుండా శీతకాలానికి ముందే మూసి ఖాళీ చేసే బయటి కుళాయిని మళ్లీ తెరవవలసి రావడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. లాండ్రీ గది కుళాయి నుంచి కిటికీ గుండా గొట్టం తీసుకోవడం దానికన్నా క్షేమం.

చలి పెరిగితే మంచు మీద జారుడు కూడా పెరుగుతుందని అనుకోవడం పొరపాటు. స్కీ కింద రాపిడికి ఏర్పడే పలుచని నీటిపొర వల్ల జారుతాం; మైనస్ 20 డిగ్రీల సాయంత్రం ఆ పొర సరిగా ఏర్పడక వేగం బాగా తగ్గిపోతుంది. మైనస్ 4 దగ్గర దాటిన రెయిల్‌ను జనవరి రాత్రి అందుకోలేకపోవడానికి కారణం పిల్లవాడి భయం కాదు, మంచు. చలికి తగిన గట్టి వ్యాక్స్ పూయడం, ప్రారంభస్థానాన్ని ఇంకో రెండు అడుగులు పైకి జరిపే వీలు ఉంచుకోవడం దీనికి మందు.

వేసవి సాధన కావాలనుకునేవారికి వృత్తిస్థాయి ప్లాస్టిక్ తలాలు ఉన్నాయి. మిన్నెసోటాలోని బర్న్స్‌విల్‌లో ఉన్న బక్ హిల్ స్కీ కేంద్రం వేసవిలోనూ నడపడానికి ఇటలీ కంపెనీ నెవెప్లాస్ట్ పరుపులు వేసుకుంది. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో లిబర్టీ విశ్వవిద్యాలయం 2009లో బ్రిటన్‌కు చెందిన స్నోఫ్లెక్స్ తలంతో ఏడాది పొడవునా తెరిచి ఉండే గుట్టను ప్రారంభించింది. ఇవి జారుడులో కార్పెట్ కన్నా ఎంతో మెరుగు, కానీ ఒక్క ఇంటి పెరటికి వాటి ఖర్చు సమంజసం కాదు. ఇంటికి మిగిలేది పొట్టి పోగులు ఉన్న కార్పెట్ లేదా కృత్రిమ గడ్డి, దానిమీద నీరు, కాస్త గిన్నెలు తోమే సబ్బు. పోగులు కిందికి వాలేలా పరచాలి. రెండు ముక్కలు కలిసే చోట పెంకులు కప్పినట్టు పైముక్క అంచు కిందిముక్క మీదికి రావాలి, లేకపోతే స్కీ ముక్కు అతుకులోకి దూరుతుంది. మంచి స్కీలను దానిమీద పెట్టకూడదు. ఎండిన చోట రాపిడి వేడికి అడుగు ప్లాస్టిక్ కాలి గట్టిపడుతుంది. పాతవి, రెండు కొసలూ పైకి తిరిగినవి వాడుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం కార్పెట్ ఎక్కడ ముగుస్తుందన్నది. రెయిల్ దిగిన రెండు గజాలకే కార్పెట్ అయిపోయి పచ్చిక మొదలైతే స్కీలు అక్కడికక్కడే పట్టేస్తాయి, మనిషి ముందుకు బోర్లా పడతాడు. రెయిల్ తరువాత కనీసం 20 అడుగుల కార్పెట్, దాని చివర వదులుగా పరిచిన గడ్డిమోపులు పెట్టే చోటు లేకపోతే వేసవి ఆలోచన మానుకోవడమే మేలు. మంచు మీద ఇదే జాగా 30 అడుగులు కావాలి, ఎందుకంటే అక్కడ వేగం మిగిలే ఉంటుంది. కంచె అంతకన్నా దగ్గరగా ఉంటే ర్యాంపు ఎత్తు తగ్గించుకోవాలి.

రెయిల్ ఎంపిక

ఇప్పటికి మీ వేగం ఎంతో మీకు తెలుసు కనుక ఈ ఎంపిక తేలిక. మొదటిసారి నేర్చుకునేవారికి గుండ్రని గొట్టం కన్నా బాక్స్ మంచిది: 12 నుంచి 16 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవు, అడుగు లోపు ఎత్తు ఉన్న చెక్కపెట్టె మీద హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలక, రెండు అంచులా ఇనుప యాంగిల్. పలక మీద రాపిడి తక్కువ, పడినా కాలు చిక్కుకోదు. ఇంట్లో చేసేవారు ఒక్క విషయం గమనించాలి. ఈ ప్లాస్టిక్ వేడికి చలికి బాగా సాగి ముడుచుకుంటుంది; 30 డిగ్రీల వేసవి పూట బిగించిన 8 అడుగుల పలక మైనస్ 20 వద్ద ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా పొట్టిపడుతుంది. స్క్రూ రంధ్రాలు గుండ్రంగా ఉంటే పలక స్క్రూల దగ్గర చీలుతుంది, లేదా జూలైలో నడుమ ఉబ్బుతుంది. అందుకని మధ్యలోని రంధ్రాలు మాత్రమే గుండ్రంగా ఉంచి, కొసల వైపు రంధ్రాలను పలక పొడవు దిశలో సాగదీసి, స్క్రూ తలలు పలకలోకి దిగేలా చెక్కుకోవాలి.

రెండో దశలో ఉక్కు రెయిల్ వస్తుంది. చదరపు గొట్టం మీద పాదం కింద కాస్త వెడల్పు దొరుకుతుంది, అంచులు పట్టుకునే ప్రమాదం ఉంటుంది. గుండ్రని గొట్టం మీద అంచులు పట్టవు, కానీ తూకం తప్పితే వెంటనే జారిపోతాం. స్కీలతో నేర్చుకునేవాడికి 3, 4 అంగుళాల చదరపు గొట్టం నయం, దాని మూలలు గుండ్రంగా ఉండాలి. ఏదైనా సరే కొసలు కిందికి వంచి ఉండాలి లేదా మూసి ఉండాలి. తెరిచిన గొట్టం నోరు పక్కటెముకలకు తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వెల్డింగ్ అతుకులను గ్రైండర్‌తో నున్నగా తీయించి, చేతితో తడిమి చూసుకుని తీసుకోవాలి. కాళ్ల పాదాలు రెండు అడుగులకు తక్కువ కాకుండా వెడల్పు ఉండి, మంచులో పూర్తిగా పూడిపోవాలి. స్కీల అంచులను బూటు కింద ఒక అడుగు మేర ఆకురాయితో మొద్దుబరచడం మరచిపోకూడదు.

పీవీసీ గొట్టం చవక, తేలిక, వేసవిలో చెక్క మీద బిగిస్తే నేర్చుకోవడానికి పనికొస్తుంది. గడ్డకట్టే చలిలో మాత్రం అది పెళుసుబారి, పదునైన ముక్కలుగా పగులుతుంది. అక్టోబరు చివరకు దాన్ని ఎత్తి గ్యారేజీలో పెట్టేయడం షరతుగా ఉంటేనే కొనండి.

పొడవు విషయానికి వస్తే, మంచు అమరికకు 12 నుంచి 16 అడుగులు, కార్పెట్ అమరికకు, ర్యాంపుకూ రెయిల్‌కూ మధ్య చదును సగానికి తగ్గిస్తేనే, 8 అడుగులు. కార్పెట్ మీద అంతకన్నా పొడవు కావాలంటే రెయిల్‌నే వాలుగా పెట్టాలి: 12 అడుగుల రెయిల్ ఒక కొస నుంచి మరో కొసకు సుమారు 2 అడుగులు దిగితే, రాపిడికి పోయే వేగం వాలు నుంచి తిరిగి వస్తుంది. అలాంటప్పుడు పైకొస ర్యాంపు తలంతో సమానంగా ఉండాలి, ఎగిరి ఎక్కాల్సినంత ఎత్తులో ఉండకూడదు.

రెయిల్ బదులు ఎగిరే దిమ్మె కావాలని పట్టుబట్టే పిల్లలుంటారు. 2 అడుగుల దిమ్మె నుంచి 24 కి.మీ. వేగంతో ఎగిరినవాడు చదును పెరట్లో దిగడమంటే దాదాపు 3 అడుగుల ఎత్తు నుంచి చదును నేల మీదికి దూకడమే, అదీ ప్రతిసారీ. దిగే చోట వాలు కట్టాలంటే మళ్లీ టన్నుల లెక్కలో మంచు కావాలి. ఎగరడానికి బ్లూమింగ్టన్‌లోని హైలాండ్ హిల్స్‌కు తీసుకెళ్లండి. దాని మొత్తం ఎత్తు 175 అడుగులే అయినా, రోప్ టో (స్కీయర్లను పైకి లాగే తాడు) పట్టుకుని గంటకు ఎన్నోసార్లు దిగే వీలున్న పార్క్ అక్కడ ఉంది.

కట్టే ముందు చేయవలసిన రెండు ఫోన్లు

శివారు కాలనీల్లో హెచ్.ఓ.ఏ. (ఇంటి యజమానుల సంఘం) నిబంధనలు తాత్కాలిక కట్టడాల ఎత్తు మీద, వీధి నుంచి కనబడడం మీద ఆంక్షలు పెట్టడం సాధారణం. 4 అడుగుల గుట్ట ఎవరి కంటా పడదు, 8 అడుగుల పరంజా తప్పక పడుతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు అని తేదీలు వేసి ముందే రాతపూర్వకంగా అనుమతి అడిగితే పని సులువవుతుంది. పరంజాకు ఇక్కడ కలప కన్నా ఒక మెట్టు అనుకూలత ఉంది, విప్పేస్తామన్న మాటను నమ్ముతారు. ఇంటి బీమా కంపెనీకి చేసే ఫోన్ అంతకన్నా అవసరం. ట్రాంపొలిన్లకు ఉన్నట్టే ఇలాంటి ఆట కట్టడాలకు కొన్ని పాలసీల్లో మినహాయింపు ఉంటుంది, అంటే పొరుగు పిల్లవాడికి చేయి విరిగితే ఖర్చు మీదే. ఇంటి బీమా పరిమితికి మించిన నష్టపరిహారాన్ని భరించే గొడుగు (అంబ్రెల్లా) పాలసీ ఉన్నవారు అది దీనికి వర్తిస్తుందో లేదో రాతలో తీసుకోవాలి. వర్తించదని జవాబు వస్తే బురుజు ఆలోచన పక్కన పెట్టి, నేలవాలు మీద మంచు, అడుగు లోపు ఎత్తున్న బాక్స్‌తో సరిపెట్టుకుని, స్కీ హెల్మెట్ ఉన్న మీ పిల్లలకే దాన్ని పరిమితం చేయడం నేను ఎంచుకునే దారి. ఆట లేనప్పుడు బాక్స్‌ను అడ్డంగా తిప్పి, ర్యాంపు మొదట్లో ఒక అడ్డుకర్ర కట్టి ఉంచితే, మీరు ఇంట్లో లేనప్పుడు ఎవరూ దిగరు.